మాగిన పండు వాసన

హెల్త్ సెంటరు ఫ్రిజ్ తలుపును మోకాలితో ఆపి పట్టుకుని, సూదమ్మ మందుసీసాలను ఒక్కొక్కటే వెలుతురుకెత్తి చూస్తోంది. బొటనవేలంత గాజుసీసాలు. తేటగా ఉండాల్సినవి తేటగా ఉండాలి. పాలలా ఉండాల్సినవి రెండు అరచేతుల మధ్య దొర్లిస్తే అడుగున మడ్డి లేకుండా కలవాలి. ఫ్రిజ్ మరీ చల్లబడితే వెనకగోడకు ఆనుకున్న సీసాలో మంచు కడుతుంది. పొద్దున్నకి కరిగిపోతుంది కూడా. చూడ్డానికి ఏ తేడా ఉండదు. కానీ ఒక్కసారి గడ్డకట్టిందంటే అది మందు కాదు, ఉత్త నీళ్ళు. అందుకని ఆమె సీసాతోపాటు దాని అట్టపెట్టెను కూడా తడిమి చూస్తుంది. చెమ్మ తగిలితే ఆ సీసా పక్కకి.

ఆరోజు ఒకటి పక్కకి పెట్టింది.

"వజ్రాలు కొంటున్నట్టు అంతలా తిప్పి తిప్పి చూస్తారేంటమ్మా?" అంది అప్పుడే వచ్చి రిజిస్టరు తెరుస్తున్న సిస్టర్. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని పిల్ల.

"వజ్రమైతే నకిలీదైనా మెళ్ళో ఉంటుంది. ఇది నకిలీదైతే పిల్లే ఉండదు."

సిస్టర్ నవ్వబోయి ఊరుకుంది. సూదమ్మ నవ్వించాలని అన్న మాటో కాదో ఎప్పుడూ అర్థం కాదు.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. పన్నెండేళ్ళుగా మందులు చల్లగా మోసుకెళ్ళే చల్లపెట్టె ఒకే భుజానికి తగిలించుకోవడంవల్ల కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది. ఫొటోలు తీసేవాళ్ళు "కొంచెం నిటారుగా నిలబడమ్మా" అంటారు, ఆమె నిటారుగానే నిలబడి ఉంటుంది. మెడలో వేలాడే కార్డు మీద ఆమె అసలు పేరు ఉంది గానీ, దానిమీది ప్లాస్టిక్ తొడుగు మసకబారిపోయి చాలాకాలమైంది. పిల్లలకు సూదులు వేసుకోవడం నేర్పుతుంది కాబట్టి సూదమ్మ. పిల్లల తల్లులకూ అంతే, సిస్టర్లకూ అంతే. ఆఖరికి కట్టుకున్నాయన కూడా పక్కింటివాళ్ళతో "మా సూదమ్మ ఇంకా రాలేదండీ" అంటాడు. ఆయన ఒక గోదాముకి కాపలా. ఆయన డ్యూటీ దిగొచ్చే వేళకి ఆమె బయల్దేరుతుంది. ముప్పై ఏళ్ళ సంసారంలో సగం గుమ్మంలో తాళంచెవి చేతులు మారడంతోనే గడిచిపోయింది.

ఆమె కింద పంతొమ్మిదిమంది పిల్లలున్నారు. అందరిదీ షుగరే. ముసలివాళ్ళకి వచ్చే షుగరు కాదు. పత్యాలతో, మాత్రలతో సర్దుకునేదీ కాదు. ఒంట్లో ఊరాల్సిన మందు ఊరడం మానేస్తే, దాన్ని రోజుకు నాలుగుసార్లు బయటినుంచి పొడుచుకుని బతకాలి. తప్పితే రోజుల్లో మనిషి దక్కడు. సూదమ్మ ఇంటింటికీ తిరిగి మందు ఇస్తుంది, వేలిచివర రక్తపుచుక్క తీసి మీటరులో చూస్తుంది, పుస్తకంలో అంకెలు చూస్తుంది, బడికి వెళ్ళి టీచర్లకు చెబుతుంది. కళ్ళు తిరిగితే చక్కెర పెట్టండి, మాటిమాటికీ నీళ్ళకీ పాసుకీ వెళ్తానంటే ఆపకండి అని.

కానీ ఏ ఇంటికి వెళ్ళినా ఆమె మొదట చేసే పని వీటిలో ఏదీ కాదు.

ఆరోజు మొదటి ఇల్లు బొంగరానిది. ఏడేళ్ళ పిల్ల. ఒకచోట నిలబడితే ఒట్టు. నాయనమ్మ మెట్లమీద కూర్చుని, రిబ్బను పట్టుకుని, తిరుగుతున్న మనవరాలి జడ కోసం ఎదురుచూస్తోంది.

"రా తల్లీ. నువ్వైనా పట్టుకో దీన్ని. పొద్దున్నించి ఒకటే తిరుగుడు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"సూదమ్మా, ఇవాళ నేనే పొడుచుకున్నా! ఏడవలేదు!"

"ఏడవలేదా? మరి వీధి చివరిదాకా వినిపించిందే?"

"అది మా నాయనమ్మ."

ముసలామె సిగ్గుపడిపోయింది. "నా వల్ల కాదు తల్లీ. దాని పొట్టలో సూది దిగుతుంటే నా పొట్టలో దిగినట్టుంటుంది."

సూదమ్మ చల్లపెట్టె దించి, మోకాళ్ళమీద కూర్చుని, "ఏదీ, ఊదు" అంది. బొంగరం రెండు బుగ్గలూ పూరించి ఆమె ముఖం మీదికి ఊదింది. ఉప్పు, పళ్ళపొడి, నిద్ర. ఇంకేమీ లేదు. సూదమ్మ కళ్ళు మూసుకుని ఆ ఊపిరి పూర్తయ్యేదాకా ఉండి, అప్పుడు మీటరు తీసింది.

పిల్లలందరికీ ఇదో ఆట. సూదమ్మ వస్తే ముందు ముఖం మీద ఊదాలి. ఎందుకని ఎవరూ అడగరు. ఆమె సొంత కూతురు మాత్రం అడిగేది. పెళ్ళయి వెళ్ళేదాకా రోజూ పొద్దున్నే లేవగానే "ఏదీ, ఊదు" అనేది తల్లి. "నేను నీ పేషెంటుని కాదమ్మా, పళ్ళు తోముకోనివ్వు" అని విసుక్కునేది ఆ పిల్ల. ఇప్పటికీ ఫోన్లో, "ఉండు, ఊదుతున్నా, వాసన వచ్చిందా?" అని వెక్కిరిస్తుంది. సూదమ్మ నవ్వుతుంది. కూతురికి గానీ, కట్టుకున్నాయనకు గానీ ఆమె ఎన్నడూ కారణం చెప్పలేదు.

ఆ కారణం పాతిక సంవత్సరాల కిందటిది.

అప్పుడామె ఇదే సెంటరులో చీటీలు రాసే కౌంటరులో కొత్తగా చేరింది. సన్నటి ఇనుపజాలీ, దాని కింద చెయ్యి పట్టేంత సందు. ఒకరోజు మధ్యాహ్నం, డాక్టరు సెలవులో ఉండగా, ఒకావిడ ఎనిమిదేళ్ళ ఆడపిల్లను ఎత్తుకుని వచ్చింది. పిల్ల కాళ్ళు తల్లి మోకాళ్ళదాకా వేలాడుతున్నాయి, బరువు మాత్రం ఉన్నట్టు లేదు. పొద్దున్నించి వాంతులంది తల్లి. నెలరోజులుగా చిక్కిపోతోందనీ, కుండెడు నీళ్ళు తాగుతోందనీ కూడా అంది. వాంతులంటే ఏం చెప్పాలో చీటీలమ్మాయికి నేర్పారు. ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోయాయి కాబట్టి, "ఉప్పూ చక్కెరా కలిపి నీళ్ళు పట్టండి. డాక్టరు రేపొస్తారు, రేపు తీసుకురండి" అని చెప్పింది. తల్లి కిందికి దించి మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళినప్పుడు పిల్ల ఒక్క నిమిషం జాలీకి ముఖం ఆనించి నిలబడింది. పరుగెత్తుకొచ్చినట్టు పెద్దగా ఊపిరి తీస్తోంది. ఆ ఊపిరి సందులోంచి లోపలికి వచ్చింది. బాగా మాగిన పండు వాసన.

పండు తినొచ్చిందేమో అనుకుంది చీటీలమ్మాయి. అనుకుని, తర్వాతి చీటీ రాసుకుంది.

తెల్లవారేసరికి పిల్ల పోయింది. ఆ సంగతి సెంటరులో రెండురోజులు మాట్లాడుకుని మరిచిపోయారు. చీటీలమ్మాయి కూడా మరిచిపోయింది. నిజంగానే మరిచిపోయింది. పదమూడేళ్ళ తర్వాత ఈ పిల్లల కార్యక్రమం మొదలై, పనిచేయడానికి ఎవరొస్తారంటే ఆమె చెయ్యెత్తింది. శిక్షణలో పెద్దడాక్టరు బోర్డు మీద లక్షణాలు రాస్తూ, దాహం, చిక్కిపోవడం, వాంతులు, ఆయాసం అని రాసి, వెనక్కి తిరిగి, "ఇంకొకటి. నోట్లోంచి మాగిన పండు వాసన వస్తుంది. అది వచ్చిందంటే ప్రాణం గంటల్లో ఉన్నట్టు" అన్నాడు. వెనకబెంచీలో కూర్చున్న ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ గదిలోకి, అందరి మధ్యకి, ఆ వాసన నడిచొచ్చింది. అప్పట్నించీ వెళ్ళలేదు. పళ్ళబండి ఎదురైతే ఆమె రోడ్డు అవతలికి దాటుతుంది. ఇంట్లో పండు కొనదు.

ఆ పిల్ల తల్లి ఇప్పటికీ ఈ పేటలోనే ఉంది. అందరూ మిషను పిన్ని అంటారు. జాకెట్లు, లంగాలు, బడి యూనిఫారాలు కుట్టేది. భర్త ముందే పోయాడు, మళ్ళీ పిల్లల్లేరు. కార్యక్రమం మొదలైన కొత్తలో సెంటరు గోడమీద బొమ్మలు అంటించారు. నీళ్ళు తాగుతున్న పిల్ల, బక్కచిక్కిన పిల్ల, మాటిమాటికీ పాసుకెళ్తున్న పిల్ల. మిషను పిన్ని ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడి, లోపలికొచ్చి, "ఈ పిల్లల మందు చల్లగా ఉండాలటగా. ఇళ్ళల్లో ఫ్రిజ్జులుండవు. తడిపి పెట్టుకునే సంచులు కుట్టిపెడతాను, గుడ్డ మీరివ్వండి" అంది. అప్పట్నించీ నెలకోసారి సంచులు తెచ్చుకోవడానికి సూదమ్మ ఆ ఇంటికి వెళ్తోంది. పన్నెండేళ్ళు. ప్రతిసారీ గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఇవాళ చెప్పేయాలి అనుకోవడం, సంచులు లెక్కపెట్టుకుని చెప్పులు వేసుకోవడం.

ఆరోజు కూడా చెప్పులు విడిచింది.

ఒకటే గది. వీధివైపు కిటికీ, కిటికీ కింద మిషను. మిషను పిన్ని కుర్చీలో వెనకొక దిండు పెట్టుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బి, వేళ్ళు లోపలికి పోయినట్టున్నాయి. మాట మాటకీ మధ్య ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"రా అమ్మాయ్. ఈసారి తొమ్మిదే అయ్యాయి. కాళ్ళు నా మాట వినడం మానేశాయి. మిషను తొక్కుతుంటే ఎవరి కాళ్ళో అరువు తెచ్చుకున్నట్టుంది."

"గుండెమాత్రలు వేసుకుంటున్నావా పిన్నీ?"

"గుర్తొచ్చినప్పుడు."

"గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాటిని మాత్రలనరు, పిప్పరమెంట్లంటారు. రేపు పొద్దున్నే వస్తాను. ఆటో తెస్తా. పెద్దాసుపత్రికి వెళ్దాం. మాట్లాడకు."

మిషను పిన్ని ఒడిలోని సంచులు ఒక్కొక్కటిగా చదును చేసింది. రెండు పొరల గుడ్డ, మధ్యలో దూది, ఒక్కోదానికి ఒక్కో రంగు అంచు, ఏ పిల్ల సంచి ఆ పిల్ల గుర్తుపట్టేలా. ఊదారంగు అంచుదాన్ని చేతిలో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

"నీకొకటి చెప్పనా అమ్మాయ్? ఎవరికీ చెప్పలేదు."

"చెప్పు పిన్నీ."

"మా పాప పోయేముందు రోజు సెంటరుకి తీసుకెళ్ళాను. డాక్టరు లేడు. కౌంటర్లో ఎవరో అమ్మాయి ఉప్పూ చక్కెరా కలిపి నీళ్ళు పట్టమంది. గ్లాసుకి ఒక చెంచా చక్కెర అంది. నేను మూడు వేశాను. తియ్యగా ఉంటే తాగుతుంది కదా అని. తాగింది కూడా. గటగటా తాగింది." ఆమె ఊపిరి కోసం ఆగింది. "తర్వాతెప్పుడో మీ గోడమీద బొమ్మలు చూశాను. షుగరు అని. అప్పుడు తెలిసింది. నా చేతులతో నేనే..."

సూదమ్మ నోటినుంచి వృత్తి నేర్పిన మాటలు వాటంతటవే బయటికొచ్చాయి. "చెంచాలతో కాదు పిన్నీ. ఒంట్లో మందు ఊరడం ఆగిపోయింది. నువ్వు ఒకటి వేసినా, మూడు వేసినా, అసలు వేయకపోయినా అదే అయ్యేది. సూది ఒక్కటే కాపాడేది. ఆ సూది సంగతి చెప్పాల్సింది..."

"ఎవరు చెబుతారులే. ఎవరికి తెలుసని."

"ఆ కౌంటర్లో అమ్మాయి..."

"దాన్నని ఏం లాభం? గొంతు చిన్నపిల్లదిలా ఉంది. ముఖం కూడా సరిగ్గా చూడలేదు. జాలీ అవతల చేతులు కనపడ్డాయంతే."

సూదమ్మ తన చేతులవైపు చూసుకుంది. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచింది.

ఫోను మోగింది.

లెక్కలమేడం వాళ్ళమ్మ. పేటకు అవతల, ఇస్త్రీ బడ్డీ నడుపుతుంది. పద్నాలుగేళ్ళ కూతుర్ని అందరూ లెక్కలమేడం అంటారు. నెలకోసారి పిల్లలందర్నీ సమావేశపరిచినప్పుడు చిన్నవాళ్ళకి అంకెలు రాయడం నేర్పేది ఆ పిల్లే. "అమ్మా, ఒకటే వాంతులు. రాత్రేం తిన్నదో ఏమో. కంగారేం లేదు, నీళ్ళు కలుపుతున్నా, మీకో మాట చెబుదామని..."

"ఏమీ పట్టకు, వస్తున్నా" అంటూనే సూదమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "పిన్నీ, సాయంత్రం మళ్ళీ వస్తాను."

"వెళ్ళు వెళ్ళు. పిల్ల ముందు."

పరుగు ఆమె ఒంటికి పట్టే పని కాదు. అయినా పరుగెత్తింది. చల్లపెట్టె తుంటికి కొట్టుకుంటూ ఉంది. ఇస్త్రీ బడ్డీ వెనక గది గుమ్మంలో అడుగుపెట్టగానే, ఊదమని చెప్పకుండానే, వాసన ఎదురొచ్చింది.

పిల్ల చాపమీద పక్కకి తిరిగి పడుకుంది. పెదాలు ఎండి పగిలాయి. నిద్రపోతున్నట్టుంది గానీ, ఊపిరి మాత్రం మెట్లెక్కి వచ్చినదానిలా పెద్దగా, లోతుగా. తల్లి చేతిలో గ్లాసు. గ్లాసులో చెంచా ఇంకా తిరుగుతోంది.

సూదమ్మ ఆ గ్లాసు అందుకుని నేలమీద దూరంగా పెట్టింది. తలదగ్గర సూదీ మందూ లెక్క రాసుకునే పుస్తకం ఉంది. తెరిచింది. ముత్యాల్లాంటి అంకెలు, ఏ రోజుకారోజు, ఇవాళ పొద్దున్నది కూడా. వేలు పొడిచి మీటరులో పెడితే మీటరు అంకే చూపలేదు. తన లెక్కకి అందనంత ఎక్కువైతే చూపించే రెండక్షరాలు చూపించింది.

"ఎన్నాళ్ళయింది సూది వేసుకుని? తిట్టను. చెప్పు."

పిల్ల కళ్ళు సగం తెరిచింది. "మూడ్రోజులు."

"ఎందుకే?"

"ఊరికే. మామూలుగా ఉందామని."

తల్లి గోడకి ఆనుకుని కూలబడింది. సూదమ్మ డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన చెప్పినంత మందు సిరంజిలోకి ఎక్కించి, రెండుసార్లు గీత చూసుకుని వేసింది. ఆటో ఆపింది. పిల్ల తల తన భుజంమీద పెట్టుకుని, "పడుకోకు. పదిహేడో ఎక్కం చెప్పు" అంది.

"రాదు..."

"లెక్కలమేడానికి రాకపోతే ఎవరికొస్తుంది? చెప్పు."

"పదిహేడొకట్ల పదిహేడు. పదిహేడు రెళ్ళు... ముప్పై నాలుగు."

ఒక్కో అంకెతోపాటు ఆ వాసన ఆమె చెంపకి తగులుతోంది. ఆటోలో గాలి ఎటునుంచి వస్తున్నా పోవడం లేదు. సూదమ్మ ముఖం తిప్పుకోలేదు. డ్రైవరు ముందున్న అద్దంలో తన ముఖం, దాని పక్కన ఒక పిల్ల ముఖం కనిపిస్తున్నాయి. ఒక మలుపు దగ్గర ఎండ కళ్ళలో పడి చూపు చెదిరినప్పుడు, అది ఈ పిల్ల ముఖం కాదేమో అనిపించింది. జాలీ గళ్ళు అచ్చుపడిన నుదురులా కనిపించింది. ఆమె చేత్తో తడిమి చూసింది. జ్వరం లేదు, గళ్ళు లేవు, చెమట అంతే.

"పదిహేడార్లు నూట రెండు" అని పిల్ల ఆగిపోయింది. ఆసుపత్రి గేటు వచ్చింది.

ఆ తర్వాత చేయాల్సినవి చేసేవాళ్ళు చేశారు. రెండు చేతులకూ సెలైను, గంటగంటకీ రక్తపరీక్ష. సూదమ్మ వరండా బెంచీమీద కూర్చుంది. మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పి మళ్ళీ మూసేసింది. మూడు దాటాక కుర్రడాక్టరు బయటికొచ్చి, "గండం గడిచినట్టే. ఇంకో రెండు గంటలు ఇంట్లోనే ఉంచి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు.

పిల్ల తల్లి వచ్చి సూదమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చలున్న చేతులు. "మీరు రాకపోతే అవే నీళ్ళు పట్టి, తగ్గుతుందిలే అని పడుకోబెట్టేదాన్నమ్మా. చేతులారా పోగొట్టుకునేదాన్ని. మీ చేతులు చల్లగా ఉండాలి."

సూదమ్మ మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది.

వెళ్ళేముందు లోపలికి తొంగి చూసింది. పిల్ల కళ్ళు తెరిచే ఉంది.

"సూదమ్మా."

"ఊ."

"పదిహేడేళ్ళు నూట పంతొమ్మిది."

"తెలుసులే. నువ్వు తప్పు రాసిన అంకెలన్నీ రేపొచ్చి సరిచేద్దాం."

పిల్ల ముఖం గోడవైపు తిప్పుకుంది. ఏడుస్తోందో, నిద్రపోతోందో తెలియలేదు. సూదమ్మ వంగి, ఆ పిల్ల ఊపిరి దగ్గర కాసేపు నిలబడింది. మందుల వాసన. దాని కింద, ఇంకా కొంచెం, అది.

మిషను పిన్ని ఇంటికి చేరేసరికి ఐదైంది. కిటికీలోంచి ఏటవాలు ఎండ మిషను మీదుగా నేలమీదికి పరుచుకుంది. పిన్ని పొద్దున్న కూర్చున్న కుర్చీలోనే ఉంది.

"ఎలా ఉంది పిల్ల?"

"బతికింది."

"హమ్మయ్య."

సూదమ్మ ఈసారి చల్లపెట్టె దించి, నేలమీద, ఆమె కాళ్ళకి దగ్గరగా కూర్చుంది. ఉబ్బిన పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ గుంటనే చూస్తూ చెప్పింది.

"పిన్నీ. ఆ కౌంటర్లో అమ్మాయిని నేనే."

మిషను పిన్ని తల దించి ఆమెవైపు చూసింది.

"నేనే చెప్పాను నీళ్ళు పట్టమని. రేపు రమ్మని నేనే చెప్పాను. నువ్వు కుండ దగ్గరికెళ్ళినప్పుడు పాప నా ఎదురుగా నిలబడింది. దాని నోట్లోంచి వాసన వచ్చింది. నాకు తెలిసింది వాసన. ఏంటా అని ఆగలేదు. ఎవర్నీ అడగలేదు. పక్కగదిలో నర్సుంది, పిలవలేదు. అదేంటో తర్వాత శిక్షణలో చెప్పారు. పన్నెండేళ్ళనించీ నీకు చెబుదామని వస్తున్నా, చెప్పలేక పోతున్నా."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మిషను పిన్ని ముందుకు వంగింది. కుర్చీ కిర్రుమంది.

"ఏం వాసన?"

"ఊ?"

"పాప నోట్లోంచి అన్నావుగా. ఏం వాసన?"

"పండు వాసన పిన్నీ. బాగా మాగిన పండు."

మిషను పిన్ని ముఖంలో రంగు మారింది. సూదమ్మ తిట్టు కోసం సిద్ధపడింది. చెంపదెబ్బకైనా సిద్ధపడింది. కానీ ఆ ముసలిచేతులు ఒడిలో ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.

"నీకూ వచ్చిందా?"

"వచ్చింది."

"అప్పుడు మా ఇంటిముందు పళ్ళబండి ఉండేది" అంది మిషను పిన్ని. మాటకీ మాటకీ మధ్య చాలా సమయం తీసుకుంటోంది. "ఇంటికొచ్చాక దానికి దిండు సర్దుతుంటే ఆ వాసన కొట్టింది. అదేంటే, పండెక్కడిదే నీకు అన్నాను. తినలేదమ్మా అంది. నేను మిషను మీద ఉంటే నువ్వెళ్ళి బండిమీద దొంగతనం చేస్తున్నావా, అందుకేనా ఈ వాంతులు అన్నాను. తినలేదమ్మా, ఒట్టు అంది. వాసనొస్తుంటే ఇంకా అబద్ధమా అని ఒక్కటి వేశాను. ఇక్కడ." తన చెంప చూపించింది. "ఇంక మాట్లాడలేదు. నీళ్ళిస్తే తాగింది. గోడవైపు తిరిగి పడుకుంది. అంతే."

సూదమ్మ పన్నెండేళ్ళు ఈ గదిలో ఎన్నో మాట్లాడింది. ఆ ఒక్క మాట మాత్రం, ఆ వాసన మాట మాత్రం, తన తప్పు బయటపడుతుందని ఎప్పుడూ ఎత్తలేదు. గోడమీది బొమ్మల్లో వాసనకు బొమ్మ లేదు.

"పిన్నీ, ఇటు చూడు. పాప పండు తినలేదు. ఆ జబ్బు ముదిరితే ఊపిరే అలా వాసనొస్తుంది. ఏమీ తినకపోయినా వస్తుంది. ఇవాళ ఈ పిల్లకీ వచ్చింది."

"తినలేదా?"

"తినలేదు."

"తినలేదమ్మా అంటూనే ఉంది" అంది మిషను పిన్ని. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "నిజమే చెప్పింది. పిచ్చితల్లి. నిజమే చెప్పింది" అంది.

ఏడవలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కిటికీ ఊచ పట్టుకుంది. సూదమ్మ చెప్పిన మొదటి మాట గురించి, ఆ కౌంటరు గురించి, ఆమె ఏమైనా అంటుందేమోనని సూదమ్మ చూసింది. అసలు ఆ మాట ఆమె చెవిన పడిందో లేదో తెలియలేదు. మళ్ళీ చెప్పే ధైర్యం లేదు.

"కాస్త టీ పెట్టమ్మాయ్" అంది మిషను పిన్ని. "గొంతు ఎండిపోయింది."

వంటగట్టు గదిలో ఓ మూలనే, అడ్డంగా గుడ్డ కట్టి ఉంది. అగ్గిపెట్టె చెమ్మగిల్లింది. నాలుగో పుల్లకి స్టవ్ వెలిగింది. నీళ్ళు మరుగుతుండగా సూదమ్మ గుడ్డ ఇవతలినుంచి అడిగింది. "చక్కెర ఎంత వేయను?" అడిగాక నాలుక కరుచుకుంది. జవాబు రాలేదు. కోపమొచ్చిందేమో అనుకుంది. వస్తే మంచిదేనని కూడా అనుకుంది. కోపమైతే, దాని ఎదురుగా కూర్చోవచ్చు.

రెండు గ్లాసులతో బయటికొచ్చేసరికి మిషను పిన్ని తల ఊచలకి ఆనించి ఉంది. కళ్ళు వీధివైపు తెరిచి ఉన్నాయి, పళ్ళబండి ఒకప్పుడు ఉన్నచోటికి. ఎండ ఆమె ఒడినుంచి దిగిపోయి నేలమీదే మిగిలింది.

సూదమ్మ గ్లాసులు కింద పెట్టింది. మెడపక్కన రెండు వేళ్ళు ఆనించి, ఉండాల్సిన దానికన్నా చాలాసేపు ఉంచింది. తర్వాత పిన్ని కనురెప్పలు దించింది. గుమ్మంలోకొచ్చి పక్కింటావిడను పిలిచింది. తన గొంతు మామూలుగానే ఉండటం ఆమెకే వింతగా అనిపించింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరో చెల్లెలి కొడుక్కి ఫోన్ చేశారు. ఎవరో చాప పరిచారు. "అదృష్టవంతురాలు, మంచం పట్టకుండా పోయింది" అంది ఒకామె. "ఆఖరున ఏమైనా అందా?" అని పక్కింటావిడ అడిగింది.

సూదమ్మ, "టీ పెట్టమంది" అని చెప్పింది.

నలుగురూ కలిసి ఆమెను చాపమీదికి దింపారు. చేతులు సర్దుతుంటే కుడిచేతి నడిమివేలికి, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా తొడుక్కునే చిన్న ఇత్తడి టోపీ అలాగే ఉంది. వేలు ఉబ్బడంతో రాలేదు. సూదమ్మ సబ్బు తడి చేసి, మెల్లగా తిప్పుతూ, పసిపిల్ల వేలినుంచి తీస్తున్నట్టు తీసి, మిషను చెక్కమీద పెట్టింది. దానినిండా సూది తగిలి తగిలి పడిన సన్నటి గుంటలున్నాయి. ఒకవైపు మాత్రం ఆ గుంటలు కూడా అరిగిపోయి నున్నగా ఉంది, లోపల ఇంకా కొంచెం వెచ్చగా ఉంది.